జీలుగ, అజొల్లా: ఊరి పొలమునకు రెండు పచ్చి ఎరువులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



వరి పండించు ఊరిలో ఎరువు మాట రాని సమావేశము ఉండదు. నాట్లు పడిన వెనుక యూరియా వేళకు దొరకలేదని ఒకరు, బస్తా మీద బస్తా వేసినను పైరు మునుపటివలె పచ్చదేరుట లేదని మరియొకరు మీతో మొరపెట్టుకొనుచుందురు. ఈనాడు మేము బస్తాల మాట కొంచెము ప్రక్కకు పెట్టి, గాలిలోని నత్రజనిని పట్టి పొలమునకు ఇచ్చు రెండు మొక్కలను గూర్చి ముచ్చటింపదలచినాము. ఒకటి తరతరములుగా మీరెరిగిన జీలుగ. రెండవది నీటిపై తేలుచు పెరుగు అజొల్లా.

"ఈ రెంటిలో ఏది మేలు?" అని రైతులు తరచుగా అడుగుచుందురు. అజొల్లా వేసినచో యూరియాతో పనియే లేదని కొందరు చెప్పుచున్నారు. మన పెద్దలు వేసిన జీలుగ ఉండగా ఈ క్రొత్త నాచు ఎందులకని మరికొందరు చెప్పుచున్నారు. ఈ రెండు మాటలును సగము నిజములే. ఏ మొక్క గొప్పది అని గాక, మన నీటికిని, మన పంటకాలమునకును, మన ఊరి కట్టుబాటునకును ఏది ఒదుగును అని అడుగుట మంచిది. ఆ ప్రశ్నకు సమాధానము రైతు ఒక్కనివద్ద లేదు. చాలవరకు మీవద్ద ఉన్నది. అందుచేతనే ఈ విషయమును మీ ముందు పెట్టుచున్నాము.

రెండు మొక్కలు, రెండు వంశములు

జీలుగను మీకు పరిచయము చేయనక్కరలేదు. నిటారుగా పెరిగి, చింతాకును బోలిన చిన్న ఆకులు తొడిగి, పసుపుపచ్చని పూలు పూచి, సన్నగా పొడవుగా కాయలు కాయు మొక్క అది. కంది, పెసర, మినుము, చిక్కుడు ఏ కుటుంబములోనివో జీలుగయు ఆ కుటుంబములోనిదే. గింజ కట్టును, ఆ గింజను గోనెసంచిలో పోసి మరుసటి ఏటికి దాచుకొనవచ్చును.

అజొల్లా సంగతి వేరు. ఒక్కొక్క మొక్క బొటనవ్రేలి గోరంత యుండును. దూరమునుండి చూచినవారు నాచు అనుకొందురు. కాని అది నాచు కాదు. వేళ్లు, కాండము, ఆకులు గల ఫెర్న్ జాతి మొక్క. కొండలలో చెమ్మగల చోట్ల రాళ్ల సందులలో పెరుగు ఫెర్న్ మొక్కలకు ఇది నీటిలోని చుట్టము. పూలు పూచు మొక్కలకంటె ఎంతో ముందుగా భూమిపై పుట్టిన వంశము ఇది. దీనికి పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. కొమ్మలు విడిపోయి ఒకటి రెండగుట, రెండు నాలుగగుట దీని వృద్ధి. అన్నియు అనుకూలించినప్పుడు నాలుగైదు దినములలో రెట్టింపగును. సిద్ధబీజములు అను మిక్కిలి సూక్ష్మమైన బీజములను కూడ పుట్టించును గాని, రైతు వానిని నమ్ముకొని సేద్యము సాగింపలేడు. మన దేశపు నీటిగుంటలలో సహజముగా కనిపించు జాతికి అజొల్లా పిన్నేటా అని పేరు.

గింజ యున్న మొక్కకును, గింజ లేని మొక్కకును గల ఈ భేదమును మనసునందుంచుకొనుడు. ఊరికి సంబంధించిన చిక్కు అంతయు అచ్చటనే ఉన్నది.

గాలి ఎరువగు విధము

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను ఏ మొక్కయు దానిని నేరుగా గ్రహింపలేదు. కంటికి కనబడని కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే ఆ పని చేయగలవు. జీలుగయు అజొల్లాయు చేయునదేమనగా, అట్టి జీవులకు తిండి, నీడ ఇచ్చి, బదులుగా నత్రజనిని పుచ్చుకొనుట.

జీలుగలో ఈ సంసారము వేళ్లయందు జరుగును. నేలలోనుండు రైజోబియం అను సూక్ష్మజీవులు వేరులోనికి ప్రవేశించి బుడిపెలు కట్టించును. బుడిపెలు గల కాయజాతి మొక్కలు గాలినుండి నత్రజనిని పొందునని జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్ 1886లో వెల్లడించెను. 1888లో హాలండు దేశస్థుడు బైయరింక్ ఆ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచి చూపెను. నెల దినముల జీలుగ మొక్కను మెల్లగా పెకలించి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబి రంగుగా ఉన్నచో అది పనిచేయుచున్నదని అర్థము. మన నెత్తురునకు ఎరుపునిచ్చు పదార్థమును బోలినదే అచ్చటను ఉండి, ప్రాణవాయువు మితిమీరి చేరకుండ కాపాడును. ప్రాణవాయువు ఎక్కువైనచో నత్రజనిని పట్టు పని ఆగిపోవును. బుడిపెలో గులాబి రంగు లేకున్నను, ఆకుపచ్చగనో గోధుమరంగుగనో మారినను అది పనిచేయుట లేదని గ్రహింపవలెను.

అజొల్లాలో ఈ సంసారము ఆకునందు జరుగును. ప్రతి ఆకును రెండు తమ్మెలుగా చీలియుండును. నీటిని తాకు క్రింది తమ్మె పలుచనిది. పైతమ్మెలో ఒక చిన్న గది ఉండును. ఆ గదిలో అనబీనా అను నీలి ఆకుపచ్చ నాచు కాపురముండును. దీనిని నాచు అని పిలుచుట వాడుక యైనను, శాస్త్రజ్ఞులు దీనిని బాక్టీరియాల కోవలో చేర్చినారు. దాని తీగెలలో అక్కడక్కడ దళసరి గోడలు గల కణములుండును. ప్రాణవాయువును దూరముంచి నత్రజనిని పట్టునవి అవియే.

రెంటికిని మరియొక భేదము గలదు. జీలుగ గింజ మొలచిన ప్రతిసారియు తన రైజోబియమును నేలలో క్రొత్తగా వెదకుకొనవలెను. జీలుగ ఎన్నడును వేయని నేలలో అది చాలినంత ఉండకపోవచ్చును. అందుచేత అట్టి చోట్ల గింజకు రైజోబియం కల్చరు పట్టించుట మేలు. అజొల్లాకు ఆ వెదకులాట లేదు. తల్లి మొక్కనుండి పిల్ల మొక్కకు ఆ నాచు వారసత్వముగా సంక్రమించును.

తూనికకు నిలుచు లెక్క

ఇక లాభమెంత? అజొల్లా రాశి చూచి మోసపోరాదు. పచ్చి అజొల్లాలో నూటికి 93 పాళ్లకు పైగా నీరే. 100 కిలోలు తీసి ఎండబెట్టినచో 5 నుండి 7 కిలోలు మిగులును. అందులో నత్రజని సుమారు పావు కిలో. ఎకరము మడిలో దట్టముగా పరచుకొన్న అజొల్లా 4 నుండి 6 టన్నులు తూగవచ్చును. దానిని బురదలో త్రొక్కినచో నేలకు చేరు నత్రజని సుమారు 8 నుండి 12 కిలోలు.

జీలుగ చక్కగా పెరిగిన ఎకరము 45, 50 దినములలో సుమారు 8 టన్నుల పచ్చిరొట్టనిచ్చును. ఇందులో నత్రజని సుమారు 30 కిలోలుండును. పలుచగా మొలచినచో ఇంతకంటె చాల తగ్గును.

ఇప్పుడు బస్తాతో పోల్చుదము. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. అనగా జీలుగ సుమారు ఒకటిన్నర బస్తాకును, ఒక్కసారి త్రొక్కిన అజొల్లా సుమారు అర బస్తాకును సమానము. పచ్చిరొట్టలోని నత్రజని అంతయు ఆ పైరుకే అందదు; కొంత నేలలో నిలిచి తరువాతి పైరులకు అందును. కొంత జీలుగ నేలనుండి తీసికొన్నదే అగుటయు కలదు. కావున "బస్తా అక్కరలేదు" అని ఎవరు చెప్పినను నమ్మరాదు. "బస్తా తగ్గింపవచ్చును, నేల బాగుపడును" అనునది నిలుచు మాట.

తూనికకు రాని లాభములును ఉన్నవి. జీలుగ రొట్ట చివికి నేలకు సత్తువనిచ్చును. నీరు నిలిచినను, కొంత చౌడు ఉన్నను తట్టుకొనును గనుక చౌడు నేలలను బాగుచేయుటకు దానిని ఎన్నుకొందురు. అజొల్లా ఉప్పును ఓర్వలేదు. కాని అజొల్లా మడిపై దుప్పటివలె పరచుకొని కలుపును అణచును. నీటిపై ఎండ పడనీయక, వేసిన యూరియా గాలిలో కలిసి నష్టమగుటను కొంత తగ్గించును. ఈ రెండవ గుణమును మన రైతులు అంతగా గమనింపలేదు.

నీరు, కాలము

జీలుగకు కావలసినది కాలము. నాట్లకు ముందు 50 దినములైనను పొలము దానికి విడువవలెను. ఎకరమునకు 10 నుండి 15 కిలోల గింజ చల్లి, పూత తొడుగు వేళ కలియదున్నవలెను. పూతకు ముందే దున్నినచో రొట్ట తక్కువ; ఆలస్యమైనచో కాడ ముదిరి త్వరగా చివుకదు. దున్నిన పిదప నీరు పెట్టి వారము పది దినములు మాగనిచ్చి నాట్లు వేయుట మంచిది. దాళ్వా కోసిన వెనుక పదునుండి గాని, వేసవి జల్లులతో గాని ఇది మొలచి నిలువగలదు. జల్లులు పడక, కాలువ ఆలస్యముగా వచ్చిన ఏడు జీలుగకు అదను తప్పును.

అజొల్లాకు కావలసినది నిలుకడయైన నీరు. పొలమును ముందుగా దానికి విడువనక్కరలేదు, వరితోపాటే పెరుగును. నాట్లు పడిన వారమునకు ఎకరమునకు 100 నుండి 200 కిలోల వరకు చల్లి, నాలుగు అంగుళములకు మించని నీరు నిలిపి, కొద్దిపాటి సూపర్ ఫాస్ఫేటు రెండు మూడు విడతలుగా వేసినచో, రెండు మూడు వారములలో మడి నిండును. కలుపుతీత వేళ దానిని బురదలో త్రొక్కవచ్చును. మడి ఎండినచో చచ్చును. భారీ వాన వచ్చి గట్లు తెగినచో కొట్టుకొనిపోవును. 20 నుండి 30 డిగ్రీల వేడిమిలో హాయిగా పెరుగును. 35 దాటినచో కృశించును. కావున మన ప్రాంతములలో దాళ్వా, యాసంగి పంటల తొలినెలలు దానికి అనువైనవి. ఎరుపెక్కినచో ఎండ హెచ్చుటయో, భాస్వరము చాలమియో కారణమని తెలిసికొనవలెను. నత్తలు, గొంగళి పురుగులు దానికి శత్రువులు.

ఇట్లు చూచినచో ఈ రెండును పోటీదారులు కావు. ఒకటి నాట్లకు ముందు పనిచేయునది, రెండవది నాట్ల తరువాత పనిచేయునది. జీలుగ తప్పిన ఏడు అజొల్లా కొంత ఆదుకొనును. నీరు నిలువని మెరక పొలమున అజొల్లా ఆశ వదలి జీలుగనో, జనుమునో, పిల్లిపెసరనో వేసికొనవలెను.

గింజ లేని మొక్కను కాపాడుట

ఇక అసలు చిక్కునకు వత్తుము. జీలుగ గింజ సంచిలో నిదురించును. అజొల్లా నిదురింపదు. ఏడాది పొడవున ఎవరో ఒకరు దానిని ప్రాణముతో ఉంచవలెను. మే నెల ఎండలలో మడులన్నియు ఎండినప్పుడు, ఊరిలో ఎక్కడనో ఒకచోట నీడలో, తడిలో అది బ్రతికియున్నగాని, నాట్ల వేళకు చల్లుటకు పిడికెడు కూడ దొరకదు.

ఉత్తర వియత్నాం చరిత్ర ఇందులకు తార్కాణము. అచ్చట వరిమడులలో అజొల్లా పెంచుట చాల పాతకాలపు అలవాటు. అయినను వేసవి దాటించి దానిని బ్రతికించు మర్మము థాయ్ బిన్ ప్రాంతపు లావాన్ వంటి కొన్ని గ్రామములకే తెలిసియుండెను. ఏటేట తక్కిన ఊళ్లవారు ఆ గ్రామముల వద్దనే మూలపు అజొల్లాను కొనుక్కొనవలసి వచ్చెడిది. 1950వ దశకము తరువాతనే ఆ విద్య నలుదెసల వ్యాపించెను. మొక్క అందరి మడులలో పెరుగునదే. వేసవిలో దానిని కాచుట ఎరిగినవారి చేతిలోనే పెత్తనముండెను.

మన దేశమున 1970వ దశకములో కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థ అజొల్లాపై విస్తారముగా పనిచేసి, వరి పొలములో దానిని వాడు పద్ధతులను రూపొందించెను. 1946లో స్థాపితమైన ఆ సంస్థయే నేడు జాతీయ వరి పరిశోధన సంస్థ. ఇంత పని జరిగినను అజొల్లా మన ఊళ్లలో వరిమడులకంటె పశువుల దాణా గుంటలలోనే ఎక్కువగా కనబడుచున్నది. చైనా, వియత్నాం దేశములలో సైతము 1980వ దశకమునుండి దాని విస్తీర్ణము తగ్గిపోయెను. చవుకగా దొరకు యూరియా ఒక కారణము. ఎడతెగని కాపుదల, కూలి ఖర్చు మరియొక కారణము. ఒంటరి రైతుకు ఆ కాపుదల భారము. పది మంది పంచుకొన్నచో అది భారము కాదు.

జీలుగకు అడ్డంకులు

జీలుగకు గింజ చిక్కు లేదు. వ్యవసాయ శాఖ జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనములను రాయితీపై ఇచ్చుట ఎరిగినదే. అయినను చాల ఊళ్లలో జీలుగ ఎందుకు నిలువదు? రెండు కారణములున్నవి, రెండును ఊరివే.

మొదటిది పశువులు. పంట ఇంటికి వచ్చిన తరువాత పశువులను పొలములపై విడుచుట మన ఆచారము. ఊరంతయు బీడుగా ఉన్నప్పుడు ఒక్కరు జీలుగ చల్లినచో, ఊరి మందకంతకు అదియే మేత. మరుసటి ఏడు ఆ రైతు మరల చల్లడు. పది మంది ఒక్క కట్టుగా ఒకే వారములో చల్లినచో కాపలా సులభము, నష్టము తక్కువ.

రెండవది కౌలు. జీలుగ నాట్లకు 50 దినములు ముందు చల్లవలసినది. కాని ఆ వేళకు ఈ ఏటి కౌలు ఎవరిదో తేలకయుండుట మన గ్రామములలో కద్దు. వచ్చే పంటకు పొలము తన చేతిలో ఉండునో ఉండదో తెలియని కౌలురైతు, దుక్కి ఖర్చు పెట్టి జీలుగ ఎట్లు చల్లును? యజమాని పట్టణములో ఉండును. ఆయనకు ఆ ధ్యాస ఉండదు. ఇట్లు నేల ఏటేట బలహీనమగుచుండును. దున్నువాడు నేటి పంటను చూచును, పొలముగలవాడు కౌలును చూచును, నేలను చూచువాడు లేకపోవును. అజొల్లా నాట్ల తరువాత వేయునది గనుక కౌలురైతునకు ఆ పంటలోనే ఫలమిచ్చును. ఈ లెక్కలో ఫెర్న్ మొక్క పేదవాని పక్షమున ఉన్నది. కాని దాని మూలము ఊరిలో బ్రతికియున్నప్పుడే.

పంచాయతీ చేయదగినవి

1992లో ఆమోదము పొంది 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందులో మొదటిది వ్యవసాయము. చిన్న నీటి వనరులు, నీటి యాజమాన్యము కూడ అందులో ఉన్నవి. కావున ఇది మీ పరిధిలోని పనియే. మేము సూచించునవి ఇవి:

ఒకటి: చెరువుగట్టున గాని, బోరుబావి ప్రక్కన గాని చెట్టునీడ గల చోట అజొల్లా మూలపు మడి ఒకటి ఏర్పరచుడు. అరగజము లోతు చాలును. అడుగున జల్లించిన మన్ను, దానిపై నాలుగు అంగుళముల నీరు, కొంచెము పేడనీరు, చిటికెడు సూపర్ ఫాస్ఫేటు. దట్టమైనప్పుడెల్ల కొంత తీసివేయుచుండవలెను; నీటిని అప్పుడప్పుడు మార్చవలెను. వేసవిలో పందిరి వేయవలెను. స్వయం సహాయక సంఘమునకు ఈ పని అప్పగించి, తీసిన అజొల్లాను అమ్ముకొను హక్కు వారికే ఇచ్చినచో కాపుదల నిలుచును.

రెండు: వేసవిలో పశువుల కట్టడిని గూర్చి గ్రామసభలో తీర్మానించి దండోరా వేయింపుడు. బందెలదొడ్డి పాడుపడియున్నచో బాగుచేయింపుడు. కట్టడి పెట్టునప్పుడు గొర్రెలు, మేకలు కాచుకొను కుటుంబములను పిలిచి, వారికి మేతస్థలము చూపియే తీర్మానము చేయవలెను. వారి నోరు కొట్టి నిలుచు కట్టడి ఏదియు లేదు.

మూడు: కౌలు మాటలు ఉగాదినాటికి తేలునట్లు యజమానులకు, కౌలుదార్లకు నచ్చజెప్పుడు. తేలని చోట, జీలుగ చల్లినవానికి విత్తనము, దుక్కి ఖర్చు వచ్చే కౌలుదారుడో, యజమానియో ఇచ్చునట్లు పెద్దల సమక్షమున ఒడంబడిక చేయింపుడు.

నాలుగు: మొదటి ఏడు ఊరంతకు చెప్పవలదు. పల్లపు మడి ఒకటి, మెరక మడి ఒకటి ఎన్నుకొని, సగమున పచ్చియెరువు వేసి, సగమున వేయక, కోతనాడు అందరి ఎదుట తూకము వేయింపుడు. మా మాటకంటె ఆ కాటా మాట గట్టిది.

ఐదు: ఒక హెచ్చరిక. మంచినీటి చెరువులోనికి, చేపల చెరువులోనికి అజొల్లాను విడువరాదు. అది నీటిని కప్పివేసి వెలుతురును, గాలిని అడ్డగించును. మడిలో మేలుచేయునదే చెరువులో కీడుచేయును. పశువులకు పెట్టునప్పుడు కూడ శుభ్రముగా కడిగి, దాణాలో దినమునకు కిలో, రెండు కిలోలు కలుపుటతో తృప్తిపడవలెను. అది దాణాకు తోడేగాని దాణాకు మారు కాదు.

సభ్యులారా! జీలుగ గింజను సంచి కాపాడును. మొలచిన జీలుగను ఊరు కాపాడవలెను. అజొల్లాను మొదటినుండి చివరివరకు ఊరే కాపాడవలెను. పువ్వు గల మొక్కయైనను, పువ్వు లేని మొక్కయైనను, రైతు ఒక్కడు ఒంటరిగా నిలుపలేనిది పది మంది కట్టుబాటుతో నిలుచును. ఈ వేసవి రాకముందే మీ గ్రామసభలో ఈ విషయము చర్చకు పెట్టుడు. మూలపు మడికి చోటేది, కాపు ఎవరు, పశువుల కట్టడి ఏనాటినుండి అను మూడు ప్రశ్నలకు సమాధానములు తీర్మానపు పుస్తకములోనికి ఎక్కించినచో, వచ్చే నాట్లనాటికి మీ ఊరి పొలములో దాని ఫలము కనబడును.